పడిపోయిన వీరుడి కోసం ఇతిహాసం ఎలా ఏడుస్తుంది?

వెన్నెలబాట:

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి హోమర్ ఇలియడ్, ట్రాయ్ యుద్ధం మీద గ్రీకు కావ్యం, చదవడం పూర్తయింది. చివరి పేజీ తిప్పాక ఇంకా ఏమైనా మిగిలిందేమోనని వెనక అట్ట దాకా వెతికాను. చెక్క గుర్రం వస్తుందనుకున్నాను, రాలేదు. గ్రీకు వీరుడు అకిలీస్ మడమకి బాణం తగులుతుందనుకున్నాను, అదీ లేదు. ట్రాయ్ నగరం కూలనే లేదు. 24 భాగాలు, పదిహేను వేల పైచిలుకు పంక్తులు నడిచిన కావ్యం శత్రుపక్షంలోని ట్రాయ్ యువరాజు హెక్టర్ దహనంతో ఆగిపోయింది. ఆఖరి పంక్తి కూడా ఎంతో మామూలుగా ఉంది. గుర్రాలను లొంగదీసే హెక్టర్‌కి వాళ్ళు అలా అంత్యక్రియలు జరిపారు అని, అంతే.

గ్రీకు మూలంలో మొట్టమొదటి మాటే 'కోపం' అట. అకిలీస్ కోపంతో మొదలైన కథ, అతని చేతిలో చచ్చినవాడి చితి దగ్గర ఎందుకు ముగిసింది? పాడుకున్నది గ్రీకులే కదా, గెలిచినవాళ్ళే కదా! మన భారతంలో, వేరే ప్రాచీన కావ్యాల్లో, యుద్ధంలో పోయినవాళ్ళకి ఎలాంటి గౌరవం దక్కింది? పొగడ్త ఎక్కువా, ఏడుపు ఎక్కువా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఎంత పొడుగ్గా రాసినా చదువుతాను.

దూరతీరం:

వెన్నెలబాట గారూ, మొదటిసారి నేనూ అలాగే వెతికాను.

గ్రీకు మాటలు రెండు పక్కపక్కన పెట్టుకుంటే కొంత అర్థమవుతుంది. ఒకటి క్లెయోస్. కీర్తి అనొచ్చు గానీ అసలు అర్థం 'వినబడేది'. మనిషి పోయాక అతని గురించి జనం చెవిన పడే మాట, పాట. రెండోది గోఓస్, అంటే శవం మీద పడి అయినవాళ్ళు పెట్టే ఏడుపు. (మన 'గోస'కీ దీనికీ చుట్టరికం లేదు గానీ, చదివిన ప్రతిసారీ నా చెవికి అదే తగులుతుంది.) థ్రేనోస్ అని ఇంకోటి ఉంది. అది పాడటం వృత్తిగా ఉన్నవాళ్ళు పాడేది.

24వ భాగంలో హెక్టర్ శవాన్ని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక గాయకులొచ్చి పక్కన కూర్చుంటారు, థ్రేనోస్ పాడతారు. ఆ పాటలోంచి హోమర్ మనకి ఒక్క మాట కూడా వినిపించడు. ఆ వెంటనే ముగ్గురు ఆడవాళ్ళు ఏడుస్తారు. వాళ్ళ మాటలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తాడు. నా దృష్టిలో మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

ముందు భార్య ఆండ్రమకి, అతని తల రెండు చేతుల్లో పట్టుకుని. మన పిల్లాణ్ణి ఎవడో గోడ మీంచి విసిరేస్తాడు, నీ చేతిలో పోయినవాడి అన్నో తండ్రో కొడుకో ఆ పని చేస్తాడు అంటుంది. తర్వాత అనే మాట నేను మర్చిపోలేను. నువ్వు మంచం మీద పోలేదు, నా వైపు చేతులు చాచలేదు, రాత్రీ పగలూ తలుచుకుని ఏడవడానికి నాకంటూ ఒక్క మాటైనా చెప్పి పోలేదు. తర్వాత తల్లి హెక్యుబా. చివర హెలెన్. ఎవరి కోసం ఈ యుద్ధమంతా జరిగిందో ఆమె. నేనిక్కడికొచ్చి ఇరవయ్యో ఏడు, నీ నోట ఒక్క పరుషమైన మాట వినలేదు, ఎవరైనా అంటే నువ్వే ఆపేవాడివి అంటుంది.

అంత పెద్ద యోధుడు కదా, ముగ్గురిలో ఒక్కరైనా చివరికి అతని బలాన్ని తలుచుకుంటారేమో అనుకుంటాం. ఆఖరి మాట అతని మంచితనం గురించి.

తాళపత్రం:

దూరతీరం గారు చెప్పింది చదువుతుంటే స్త్రీ పర్వం కళ్ళ ముందు కదిలింది. భారతంలో పదకొండోది. యుద్ధం ముగిశాక, పట్టాభిషేకానికి ముందు, వ్యాసుడు ఒక పర్వం మొత్తం ఏడుపుకే వదిలేశాడు. మనవాళ్ళు చాలామంది సౌప్తికం అవగానే శాంతి పర్వానికి దూకేస్తారు. దయచేసి దూకకండి.

వ్యాసుడి వరంతో గాంధారికి దూరం నుంచే యుద్ధభూమి మొత్తం కనబడుతుంది. పెళ్ళినాటి నుంచీ కళ్ళకి గంతలు కట్టుకున్న మనిషికి ఇన్నేళ్ళకి కనబడింది ఆ దృశ్యం! పక్కన కృష్ణుణ్ణి పెట్టుకుని ఒక్కొక్కరినీ చూపిస్తుంది. తన కొడుకుల దగ్గరే ఆగిపోదు. అభిమన్యుణ్ణి చూపిస్తుంది, ద్రుపదుణ్ణి చూపిస్తుంది, కర్ణుణ్ణి, ద్రోణుణ్ణి చూపిస్తుంది. ఎవరు ఏ పక్షమో ఆ కాసేపు లెక్కలోకి రాదు.

ఉత్తర ఘట్టం చూడండి. అభిమన్యుడి తల ఒళ్ళో పెట్టుకుని, నెత్తురుతో అట్టకట్టిన జుట్టు సవరిస్తూ, బతికున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. మన కాపురం ఆరు నెలలే రాసిపెట్టి ఉందా, ఏడో నెలలో వెళ్ళిపోయావు అంటుంది. పద్మవ్యూహం గురించి అంత వర్ణన చదివాం కదా, ఎన్ని రథాలు, ఎంతమంది మహారథులు అని. అదంతా పోయి చివరికి ఒక అమ్మాయి నెలలు లెక్కపెట్టుకోవడం మిగిలింది.

కొత్తచిగురు:

నేను ఇక్కడ కొత్త. ఒక సందేహం. అకిలీస్ అంత్యక్రియల్లో తొమ్మిది మంది కళాదేవతలు పాడారని ఎక్కడో చదివాను. అది ఇలియడ్‌లో లేదా మరి?

దూరతీరం:

కొత్తచిగురు గారూ, అది హోమర్ రెండో కావ్యం ఒడిస్సీ 24వ భాగంలో వస్తుంది. పాతాళంలో, చనిపోయిన గ్రీకు సేనాపతి అగమెమ్నన్ నీడ అకిలీస్ నీడకి చెబుతుంది. పదిహేడు రోజులు దేవతలూ మనుషులూ ఏడ్చారు, పద్దెనిమిదో రోజున నిప్పంటించారు, నీ ఎముకల్నీ నీ ప్రాణమిత్రుడు పాట్రోక్లస్ ఎముకల్నీ ఒకే బంగారు పాత్రలో కలిపి పెట్టారు అని. తన అంత్యక్రియలు ఎలా జరిగాయో చచ్చినవాడు కూర్చుని వింటున్నాడన్నమాట.

ఇలియడ్‌లో అకిలీస్ చనిపోడు గానీ అతని కోసం ఏడుపు మాత్రం ఉంది. పాట్రోక్లస్ పోయాడని తెలిసి అతను బూడిద నెత్తిన పోసుకుని నేల మీద పొర్లుతుంటే, సముద్రం అడుగున తల్లి థెటిస్ గోఓస్ మొదలుపెడుతుంది. పాట్రోక్లస్ కోసం కాదు, ఇంకా బతికే ఉన్న కొడుకు కోసం. హెక్టర్‌కీ అంతే. 6వ భాగంలో అతను యుద్ధానికి వెళ్ళగానే ఇంట్లో ఆడవాళ్ళు, మనిషి బతికుండగానే, అతని కోసం ఏడుస్తారు.

సూటిమాట:

అందరూ చాలా బాగా రాస్తున్నారు. నాకు మాత్రం మింగుడుపడని విషయం ఒకటుంది, చెప్పనివ్వండి.

ఎంత ఏడ్చినా ఇవి యుద్ధాన్ని పొగిడే కావ్యాలే. అకిలీస్ ముందు రెండు దారులున్నాయి. ఇంటికి వెళ్తే నిండు నూరేళ్ళు, ఇక్కడే ఉంటే చిన్న వయసులో చావు, చెరగని కీర్తి. అతను ఉన్నాడు. కవి ఆ కీర్తిని నిజంగానే చెరగకుండా నిలబెట్టి చూపించాడు. వినే కుర్రాడికి అందులోంచి ఏం అందుతుంది? ఏడుపు కూడా ఆ పొగడ్తలో భాగమే అనిపిస్తుంది నాకు. ఎంత గొప్పగా ఏడిస్తే పోయినవాడు అంత గొప్పవాడు. కర్ణుడు పడిపోయినప్పుడు శరీరంలోంచి వెలుగు లేచి ఆకాశానికి వెళ్ళిందని చదివినచోట నాకు యుద్ధం మీద ఏవగింపు కలగలేదు, ఒళ్ళు పులకరించింది. నన్ను భయపెడుతున్నది ఆ పులకరింతే.

తాళపత్రం:

సూటిమాట గారూ, మీ భయం సరైనదే. దాన్ని తీసిపారేయను. కానీ గాంధారి ఏడుపు ఎక్కడ ఆగిందో చూడండి. అది పొగడ్తగా ముగియలేదు, శాపంగా మారింది.

వరసగా అందరినీ చూపించి, చివర కృష్ణుడి వైపు తిరిగి అడుగుతుంది. నీకు బలం ఉంది, సైన్యం ఉంది, మాట చెల్లుబాటు ఉంది, రెండు పక్షాలూ నీ మాట వింటాయి, ఆపగలిగి కూడా ఎందుకు ఊరుకున్నావు? నేటికి ముప్పై ఆరో ఏట నీ వాళ్ళూ ఇలాగే ఒకరినొకరు చంపుకుంటారు, మీ ఆడవాళ్ళూ ఇలాగే ఏడుస్తారు. ఆ శాపం మౌసల పర్వంలో తు.చ. తప్పకుండా జరిగింది. అంటే భారతంలో ఏడుపుకి కథని నడిపించేంత శక్తి ఉంది. అలంకారంగా పెట్టినదైతే కృష్ణుడి వంశాన్ని కూల్చగలదా?

దానికి ముందు భీముణ్ణి అడిగిన మాట ఇంకా గుచ్చుకుంటుంది. నూరుగురిలో తక్కువ తప్పు చేసినవాడు ఒక్కడూ లేడా, ఈ ఇద్దరు గుడ్డి ముసలివాళ్ళకి ఊతకర్రగా ఒక్కణ్ణయినా ఎందుకు మిగల్చలేదు అంటుంది. దుర్యోధనుడు చేసిన తప్పులు ఆమెకి తెలియనివి కావు. యుద్ధానికి ముందు జయం కలగాలని దీవించమని అతను అడిగితే, ధర్మం ఎటుంటే జయం అటే అని చెప్పి పంపిన తల్లి ఆవిడ. అయినా ఏడుస్తుంది. తప్పు చేసినవాడికీ తల్లి ఏడుపు దక్కుతుందని ఒప్పుకున్న కావ్యం ఇది.

దూరతీరం:

తాళపత్రం గారి మాటకి నేనొకటి కలుపుతాను. సూటిమాట గారు చెప్పిన ఆ 'చెరగని కీర్తి' ఎంచుకున్న అకిలీసే ఒడిస్సీ 11వ భాగంలో మళ్ళీ కనిపిస్తాడు. చచ్చినవాళ్ళ మధ్య కూడా నువ్వే రాజువి, బాధపడకు అని, పాతాళానికి వెళ్ళిన ఆ కావ్య నాయకుడు ఒడిస్సియస్ ఓదార్చబోతే, చావుని నాకు తీపి చేసి చెప్పొద్దు అంటాడు. చచ్చినవాళ్ళందరికీ రాజుగా ఉండేకంటే, సొంత పొలం కూడా లేని బీదవాడి దగ్గర కూలికి పని చేస్తూ నేల మీద బతకడమే మేలు అంటాడు. కీర్తి వచ్చింది, పాట వచ్చింది, అంత గొప్ప చితి వచ్చింది. అన్నీ దక్కిన మనిషి నోటి నుంచి ఈ మాట!

మలిసంధ్య:

పెద్దవాళ్ళ గురించే మాట్లాడుకుంటున్నాం. నేను చిన్నవాళ్ళ గురించి చెబుతాను. వాళ్ళు లేకపోతే నేనూ సూటిమాట గారి పక్షానే ఉండేదాన్ని.

ఇలియడ్‌లో రెండు వందల మందికి పైగా పేరుతో సహా చనిపోతారు. చాలామంది ఆ పేరు చెప్పడానికే వచ్చి, అదే పంక్తిలో పోతారు. కానీ కొందరి దగ్గర హోమర్ ఒక క్షణం ఆగుతాడు. సిమోయిసియస్ అనే కుర్రాడు 4వ భాగంలో వస్తాడు. తల్లి కొండ మీంచి దిగివస్తుంటే సిమోయిస్ నది ఒడ్డున పుట్టాడట, అందుకే ఆ పేరు. కన్నవాళ్ళు పెంచిన రుణం తీర్చుకునే అవకాశం దొరకలేదు, బతుకు పొట్టిదైపోయింది అంటాడు కవి. పెద్ద అజాక్స్ బల్లెం రొమ్ములో దిగితే నీటి పల్లంలో పెరిగిన చెట్టు నరికినట్టు పడిపోతాడు. అతని కథ అంతే. మళ్ళీ ఎక్కడా కనిపించడు.

8వ భాగంలో గోర్గిథియన్. అతనికి తగిలిన బాణం అసలు హెక్టర్‌కి గురిపెట్టింది. గింజ పట్టి, వసంతకాలపు వానకి తడిసి బరువెక్కిన గసగసాల పువ్వులా శిరస్త్రాణం బరువుకి తల పక్కకి వాలిపోయిందట. మూడు నాలుగు పంక్తులు. ఎవరికో రావలసిన చావు తనకి వచ్చిన ఒక మామూలు రాజకుమారుడికి కవి అంత మెత్తటి పోలిక ఇచ్చాడు. నాకు అది అకిలీస్ డాలు వర్ణన కన్నా విలువైనది.

పేరు కూడా లేనివాళ్ళ మాటేమిటి అంటే, స్త్రీ పర్వం చివర్లో చూడండి. ఎంతమంది పోయారని ధృతరాష్ట్రుడు అడిగితే ధర్మరాజు నూట అరవై ఆరు కోట్ల ఇరవై వేలు అని చెబుతాడు. అంకె మనకి నమ్మశక్యంగా ఉండదు, ఆ సంగతి పక్కన పెట్టండి. ఆ తర్వాత ధృతరాష్ట్రుడు అడిగే ప్రశ్న ముఖ్యం. నా అన్నవాళ్ళు లేనివాళ్ళ సంగతేమిటి, వాళ్ళకి ఎవరు సంస్కారం చేస్తారు? ధర్మరాజు విదురుణ్ణి, సంజయుణ్ణి, ధౌమ్యుణ్ణి, ఇంకా కొందరిని పిలిచి ఒక్క శరీరం కూడా అనాథగా మిగలకూడదని ఆజ్ఞ ఇస్తాడు. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చి పడిపోయినవాళ్ళని పోగుచేసి, కట్టెలు పేర్చి దహనం చేయిస్తారు. గెలిచిన రాజు చేసిన మొదటి పని అది. కిరీటం ఆ తర్వాతే.

సూటిమాట:

మలిసంధ్య గారూ, ఆ అనాథ శవాల ఘట్టం నేను ఇంతవరకు గమనించలేదు. నిజంగా కదిలించింది.

అయినా ఒకటి అడగాలి. పాట్రోక్లస్ చితి మీద అకిలీస్ పన్నెండు మంది ట్రోజన్ యువకుల్ని చంపి వేశాడు. నాలుగు గుర్రాలు, రెండు కుక్కలు కూడా. ఒక వీరుణ్ణి గౌరవించడానికి పన్నెండు ప్రాణాలు! ఆ పన్నెండు మందికి పేర్లు కూడా లేవు. వాళ్ళ కోసం ఏడ్చినవాళ్ళెవరు?

దూరతీరం:

ఆ కావ్యంలో నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించే చోటు అదే. దాన్ని సమర్థించే ఉద్దేశం లేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. హోమర్ సాధారణంగా తీర్పు చెప్పడు, జరిగింది చెప్పి ఊరుకుంటాడు. ఇక్కడ మాత్రం 'అతను మనసులో చెడ్డ పనులు తలపెట్టాడు' అన్న ముక్క పడింది. ఆ మాటని ఎలా చదవాలన్న దాని మీద పండితులు వాదించుకుంటారు. నేను తీర్పుగానే చదువుకుంటాను.

ఆ చితి ఆరిపోయాక పందేలు మొదలవుతాయి. రథాలు, ముష్టి యుద్ధం, కుస్తీ, పరుగు, విలువిద్య. అప్పటిదాకా రాక్షసుడిలా ఉన్న అకిలీస్ అక్కడ తగవులు తీరుస్తాడు. ముసలి నెస్టర్ పోటీలో లేకపోయినా, పాట్రోక్లస్ జ్ఞాపకంగా ఉంచుకో అని ఒక పాత్ర చేతిలో పెడతాడు. పోయినవాడి పేరు చెప్పి బతికున్నవాళ్ళకి ఇవ్వడం మొదలయ్యాక అతనిలో మనిషి కాస్త కాస్త వెనక్కి వస్తాడు. కానీ కోపం అప్పటికీ చల్లారదు. మర్నాటి నుంచి హెక్టర్ శవాన్ని రథానికి కట్టి పాట్రోక్లస్ సమాధి చుట్టూ మూడేసి సార్లు ఈడుస్తూనే ఉంటాడు.

ఒంటరిపడవ:

చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఈరోజు రాయాలనిపించింది.

రెండేళ్ళ క్రితం నా ప్రాణస్నేహితుడు పోయాడు. ఆ తర్వాత కొన్ని నెలలు ఎవరు ఓదార్చినా కోపం వచ్చేది. ఆ రోజుల్లో చేతికి దొరికింది గిల్గమేష్. మట్టి పలకల మీద అక్కాడియన్ భాషలో రాసిన కావ్యం, ఇలియడ్ కన్నా చాలా పాతది. ఎనిమిదో పలక మొత్తం, స్నేహితుడు ఎన్కిడు కోసం రాజు గిల్గమేష్ ఏడుపే. యుద్ధంలో పోలేదు ఎన్కిడు, జబ్బు చేసి మంచం మీద పోయాడు. దానికి అతను సిగ్గుపడ్డాడు కూడా, పోరులో పడినవాడు ధన్యుడు, నాకు ఆ భాగ్యం లేదు అని.

గిల్గమేష్ ఏడవమని ఎవరెవరిని అడుగుతాడో చూడండి. ఇద్దరూ కలిసి నడిచిన దేవదారు అడవి దారుల్ని ఏడవమంటాడు. ఎలుగుబంటిని, చిరుతని, సింహాన్ని. ఇద్దరూ ఒడ్డున తిరిగిన నదుల్ని. ఊళ్ళో పెద్దల్ని. నా పక్కనున్న గొడ్డలివి నువ్వు, నా నడుముకున్న కత్తివి, నా ముందున్న డాలువి అంటాడు. తర్వాత పెళ్ళికూతురికి ముసుగు వేసినట్టు స్నేహితుడి ముఖం కప్పి, పిల్లల్ని పోగొట్టుకున్న ఆడసింహంలా చుట్టూ అటూ ఇటూ తిరుగుతాడు.

పదో పలకలో తనే చెబుతాడు. ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు శవాన్ని పూడ్చనివ్వలేదు, ముక్కులోంచి పురుగు రాలిపడేదాకా వదల్లేదు అని. నేను చదివిన ఏ కావ్యంలోనూ దుఃఖం గురించి ఇంత నిజమైన మాట లేదు. వీరుడికి విగ్రహం చేయించాడు, బంగారం పెట్టాడు, అన్నీ చేశాడు. నాకు మిగిలింది మాత్రం ఆ పురుగు. నా స్నేహితుడు ఇక లేడన్నది నాకు తలకెక్కిన క్షణం కూడా అలాంటిదే ఒకటుంది, ఇక్కడ రాయలేను.

మలిసంధ్య:

ఒంటరిపడవ గారూ, రాసినందుకు సంతోషం. వీలైనప్పుడల్లా రాస్తూ ఉండండి.

మీరు చెప్పింది చదివాక ఇలియడ్ 19వ భాగంలో ఒక పంక్తి గుర్తొచ్చింది. పాట్రోక్లస్ శవం మీద పడి బ్రిసేయిస్ ఏడుస్తుంది. ఆమె బందీగా తెచ్చుకున్న మనిషి. మొగుణ్ణి, ముగ్గురు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నది. నువ్వు ఎప్పుడూ నాతో మెత్తగా మాట్లాడావు అని ఏడుస్తుంది. చుట్టూ ఉన్న తక్కిన బందీ స్త్రీలూ గొంతు కలుపుతారు. అప్పుడు కవి అంటాడు, పైకి పాట్రోక్లస్ కోసం, లోపల ఎవరి కష్టం కోసం వాళ్ళు అని. సూటిమాట గారు అడిగిన ప్రశ్న ఉంది కదా, పేరు లేనివాళ్ళ కోసం ఎవరు ఏడుస్తారని. ఆ ఆడవాళ్ళ ఏడుపులో వాళ్ళూ ఉన్నారనుకుంటాను.

కొత్తచిగురు:

శత్రువుని గౌరవించడం రామాయణంలోనూ ఉంది కదా? రావణుడు పోయాక విభీషణుడు సంస్కారం చేయడానికి వెనకాడితే రాముడు నచ్చజెబుతాడు.

తాళపత్రం:

అవును, మంచి ఘట్టం ఎత్తారు. 'మరణాంతాని వైరాణి' అని మనం మాటల్లో కూడా వాడే ముక్క అక్కడిదే. చావుతో పగలు సరి, మనం వచ్చిన పని అయిపోయింది, సంస్కారం చెయ్యి, ఇతను నీకెంతో నాకూ అంతే అంటాడు రాముడు. ఆ చివరి ముక్కని జనం వదిలేస్తారు, నాకు అదే ప్రాణం.

మండోదరి ఏడుపులో ఉన్న తెలివి చూడండి. పూర్వం నువ్వు ఇంద్రియాల్ని గెలిచి మూడు లోకాల్నీ గెలిచావు, ఆ పగ గుర్తుపెట్టుకున్నట్టు ఇప్పుడు ఆ ఇంద్రియాలే నిన్ను గెలిచాయి అంటుంది. ఒకే శ్లోకంలో మొగుడి గొప్పతనమూ ఉంది, తప్పూ ఉంది. అంత దుఃఖంలో కూడా అబద్ధం చెప్పలేదు ఆవిడ.

ఇంకొకటి, ఇది చెప్పకుండా ఉండలేను. స్త్రీ పర్వంలో భూరిశ్రవుడి భార్య. పద్నాలుగో రోజున అర్జునుడి బాణానికి భూరిశ్రవుడి చెయ్యి తెగిపోయింది, ఆ తర్వాత సాత్యకి తల నరికాడు. ఆమెకి ఆ తెగిన చెయ్యి దొరికింది. ఒళ్ళో పెట్టుకుని, ఈ చెయ్యే కదా నా మొలనూలు లాగింది, ఈ చెయ్యే కదా నన్ను తాకింది అని తమ ఏకాంతం తలుచుకుని ఏడుస్తుంది. అలంకార శాస్త్రకారుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఈ శ్లోకాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. శృంగారం ఇక్కడ కరుణకి లోబడి ఉందని చూపించడానికి. లక్షణం సంగతి అటుంచితే, ఆ చెయ్యి యుద్ధంలో ఎన్ని బాణాలు వేసిందో ఆమెకి అక్కర్లేదు. సూటిమాట గారూ, మీ పులకరింతకి నా దగ్గరున్న జవాబు ఇదే. కర్ణుడి వెలుగుని చూపించిన కావ్యమే ఈ చేతినీ చూపించింది. రెండూ కలిపి చదివితే పులకరింత అలా నిలబడదు.

సూటిమాట:

నిలబడదు. ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో ఉన్న వచన భారతంలో ఈ శ్లోకం అర్థం ఒక్క ముక్కలో తేల్చేశారు, 'ఆమె విలపించెను' అని. ఇన్నేళ్ళూ నేను చదివింది అదన్నమాట.

దూరతీరం:

అన్ని కావ్యాలూ ఇంతగా ఏడుస్తాయని కాదు. వర్జిల్ లాటిన్ కావ్యం ఈనియిడ్‌లో పల్లాస్ అనే యువవీరుడికి గొప్ప ఊరేగింపుతో అంత్యక్రియలున్నాయి, నిసస్, యురియలస్ అనే ఇద్దరు మిత్రులు పోయినచోట కవి తానే ముందుకొచ్చి నా పాటకి శక్తి ఉంటే మిమ్మల్ని ఏ రోజూ జ్ఞాపకంలోంచి చెరపలేదు అని మాటిస్తాడు. కానీ ముగింపు చూస్తే, ఓడిపోయి ప్రాణభిక్ష అడుగుతున్న శత్రువు టర్నస్ గుండెలో కత్తి దిగడంతో కావ్యం ఆగిపోతుంది. చితి లేదు, ఏడ్చే తల్లి లేదు. ఇలియడ్ తర్వాత అది చదివితే గుమ్మం మధ్యలో నిలబెట్టి తలుపు వేసినట్టుంటుంది.

పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్ మళ్ళీ అంత్యక్రియలతోనే ముగుస్తుంది, మొదలయ్యేదీ ఒక రాజు అంత్యక్రియలతోనే. (ప్రాచీనం అనలేం, వెయ్యేళ్ళ కిందటి ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలింది.) పన్నెండు మంది వీరులు సమాధి చుట్టూ గుర్రాల మీద తిరుగుతూ పొగుడుతారు. దానికి ముందు చితి దగ్గర ఒక స్త్రీ, పేరు లేదు, రాబోయే దాడుల్నీ చెరనీ తలుచుకుని పాడుతుంది. రాతప్రతి దెబ్బతిన్నది సరిగ్గా ఆ పంక్తుల దగ్గరే.

ఒంటరిపడవ:

తాళపత్రం గారూ, పోయినవాళ్ళని మళ్ళీ చూసే ఘట్టం భారతంలో ఎక్కడో ఉందని విన్నాను. ఏ పర్వం?

తాళపత్రం:

ఆశ్రమవాస పర్వం, పదిహేనోది. తెలుగులో తిక్కన గారిదే, విరాటం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలూ ఆయనవే కదా. యుద్ధం అయి ఏళ్ళు గడిచాయి. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో ఉన్నారు. పాండవులు చూడటానికి వెళ్తారు. ఇన్నేళ్ళయినా ఎవరి దుఃఖమూ తీరలేదని వ్యాసుడికి తెలుసు. అందరినీ గంగ ఒడ్డుకి తీసుకెళ్ళి, రాత్రి నీళ్ళలోకి దిగి పిలుస్తాడు. సైన్యాలు కదిలినట్టు నీటిలో చప్పుడు. భీష్మద్రోణులు, కర్ణుడు, దుర్యోధనుడు, అభిమన్యుడు, ఘటోత్కచుడు, అందరూ లేచి వస్తారు. ఎవరి మనసులోనూ పగ లేదు. ధృతరాష్ట్రుడికి ఆ రాత్రికి చూపు వస్తుంది, కొడుకుల్ని కళ్ళారా చూస్తాడు. కర్ణుణ్ణి పాండవులు అన్నగా కలుసుకుంటారు. ఒక్క రాత్రి. తెల్లారేసరికి అందరూ మళ్ళీ నీళ్ళలోకి.

మీరు చదవండి. తొందరేమీ లేదు, ఎప్పుడు వీలైతే అప్పుడు.

ఒంటరిపడవ:

చదువుతాను. ధన్యవాదాలు.

వెన్నెలబాట:

నేను అడిగిన ఒక్క ప్రశ్నకి ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇవన్నీ చదివాక నిన్న మళ్ళీ 24వ భాగం తీసి, హెక్టర్ తండ్రి ప్రియామ్ ఒంటరిగా అకిలీస్ గుడారానికి వెళ్ళే చోటు నుంచి నిదానంగా చదివాను. మొదటిసారి వేగంలో కొన్ని జారిపోయాయి.

ముసలి రాజు మోకాళ్ళ మీద పడి, తన కొడుకుల్ని చంపిన చేతుల్ని ముద్దు పెట్టుకుంటాడు. ఇద్దరూ ఏడుస్తారు. ఒకరు హెక్టర్ కోసం, ఒకరు తండ్రి కోసం, మధ్యలో పాట్రోక్లస్ కోసం. మలిసంధ్య గారు చెప్పిన బ్రిసేయిస్ పంక్తి వెంటనే గుర్తొచ్చింది. శవానికి స్నానం చేయించమని అకిలీస్ దాసీలకి చెబుతాడు, కానీ ప్రియామ్ కంట పడకుండా చాటుగా. కొడుకుని ఆ స్థితిలో చూస్తే ముసలాయన కోపం ఆపుకోలేడేమో, అప్పుడు తన కోపమూ ఆగదేమో అని. తన మీద తనకే ఉన్న ఆ భయం నాకు మొదటిసారి కనిపించనే లేదు. తర్వాత హెక్టర్‌ని తన చేతులతోనే ఎత్తి పడుకోబెట్టి, పాట్రోక్లస్ పేరు పిలిచి, నా మీద కోపం తెచ్చుకోకు అంటాడు.

చివర ఒక ప్రశ్న అడుగుతాడు. హెక్టర్ అంత్యక్రియలకి ఎన్ని రోజులు కావాలి? అన్ని రోజులూ నేను ఆగుతాను, సైన్యాన్ని ఆపుతాను.

ప్రియామ్ లెక్క చెబుతాడు. తొమ్మిది రోజులు ఇంట్లో ఏడుస్తాం. పదో రోజు దహనం. పదకొండో రోజు సమాధి దిబ్బ కడతాం. పన్నెండో రోజున, తప్పదంటే, మళ్ళీ యుద్ధం చేస్తాం.

నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ చివరి పేజీ దాకా వెళ్ళాను. తొమ్మిది రోజులు కట్టెలు తెచ్చారు, పదో రోజు నిప్పంటించారు, మర్నాడు తెల్లవారగానే ఎముకలు ఏరి దిబ్బ పేర్చారు. కావ్యం అక్కడ ఆగింది. పన్నెండో రోజు అందులో లేదు.